ఇంతకన్నా పెరగదు

నాకు అక్షరాలు 'ఊ' దాకా వచ్చి ఆగిపోయాయి. నాచారం బడిలో పంతులు పలక మీద దిద్దించిన ఆ కాసిని అక్షరాలే అరవై ఏళ్లు దాటేదాకా నా చదువు. మిగతావి ఈ మధ్యే మా మనవరాలు శ్రావ్య దగ్గర నేర్చుకున్నాను. తను హోంవర్కు చేసుకుంటూ నా ముందు ఒక కాపీ పుస్తకం పెట్టేది. నేను తప్పు రాస్తే పెన్సిలుతో నా వేళ్ల మీద మెల్లగా కొట్టేది. అలా కూడబలుక్కుంటూ ఉప్పల్ మెట్రో స్తంభాల మీద అంటించిన హాస్టల్ కాగితాలు చదివాను, బస్సు బోర్డులు చదివాను, మందు సీసాల మీద చీటీలు చదివాను. రాయడం వచ్చాక మా అమ్మ వండిన జొన్న గటక గురించి రాశాను, లారీ మీద పోయి నెలకోసారి ఇల్లు చూసే మా నాయన గురించి రాశాను. మా చెల్లెలు బాలమణి గురించి రాయబోతే మాత్రం మొదటి వాక్యంలోనే చెయ్యి ఆగేది. మనిషిని పరిచయం చేయాలంటే పేరు రాయాలి, వయసు రాయాలి. పేరు రాసేదాన్ని. వయసు దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు పక్కన పెట్టేసేదాన్ని. అది మా ఇంట్లో ఒక వయసుతో, బయట ఇంకో వయసుతో బతికిన పిల్ల. ఏది రాసినా రెండోది వచ్చి నా భుజం మీద నుంచి తొంగి చూస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు రాయగలుగుతున్నానంటే మా ఇంటికి వచ్చిన ఒక కుక్కపిల్ల వల్ల.

శ్రావ్య చాలా రోజుల నుంచి కుక్కపిల్ల కావాలని వాళ్ల నాన్న ప్రాణం తీస్తూ ఉంది. మా అబ్బాయి మహేష్ నాచారంలో యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీలో పని చేస్తాడు. అద్దె ఇల్లు, రెండు గదులు, పెద్ద కుక్క అంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు. అలాంటప్పుడు శ్రావ్య ఫోనులో ఒక వీడియో చూపించింది. టీ కప్పులో కూర్చున్న తెల్లటి కుక్క, మెడకు గులాబీ రిబ్బను. ఎంత వయసొచ్చినా అది అంతే ఉంటుందట. దాన్ని అమ్మే మనిషి ఇంటికి రమ్మనలేదు, తనే ఉప్పల్ మెట్రో మెట్ల కిందికి తెచ్చిస్తానన్నాడు. మేం ముగ్గురం వెళ్లాం. మోటారు సైకిలు మీద వచ్చాడు. చెప్పులు కొన్నప్పుడు ఇచ్చే అట్టపెట్టెకు చిల్లులు పొడిచి అందులో పెట్టి తెచ్చాడు పిల్లను. మూత తీస్తే ముందు వాసన వచ్చింది, పాలు విరిగిన వాసన. తర్వాత పిల్ల కనిపించింది. గుప్పెడు దూది.

"టీకప్ పామేరియన్ అన్నా ఇది. మూడు నెలలు నిండినయి. జిందగీ మొత్తం గింతే ఉంటది, ఇంతకన్నా పెరగదు" అన్నాడు మహేష్‌తో.

"ఏం తింటది బిడ్డా?" అని నేనడిగాను.

"అన్నం గిన్నం పెట్టకుండ్రి అవ్వా. నేనిచ్చిన ఫీడ్ నానబెట్టి పొద్దుగాల ఒక చెంచా, మాపటికి ఒక చెంచా. గంతే. ఎక్కువ పెట్టిన్రనుకో, పెద్దగైతది. అప్పుడు నన్నడిగితే నేనేం జెయ్య."

"దీని తల్లేది మరి?"

అతను ఫోను తీసి సోఫా మీద కూర్చున్న రెండు చిన్న కుక్కలను చూపించాడు. రెండింటికీ రిబ్బన్లు. "ఇది తల్లి, ఇది తండ్రి" అన్నాడు. నేను ఫోను వైపు చూడకుండా అతని వైపు చూస్తుంటే మహేష్ నవ్వాడు. "మా అమ్మ గొర్రెల అంగడికి వచ్చిన అనుకుంటున్నది అన్నా. తల్లిని చూపియ్యకపోతే పిల్లను కొననియ్యదు."

"జాతే అంత అవ్వా, నువ్వేం ఫికర్ పడకు" అన్నాడతను, పెట్టె శ్రావ్య చేతుల్లో పెడుతూ.

జాతే అంత. ఆ మాట నేనెక్కడో విన్నాను. ఇంటికి వచ్చేదాకా వెతుక్కున్నాను, దొరకలేదు. కానీ ఒంట్లో ఎక్కడో తగిలింది.

శ్రావ్య దానికి లడ్డు అని పేరు పెట్టింది. లడ్డు ఆడలేదు. మొరగలేదు. ఫ్యాను కింద నుంచి గోడ మూలకు, మూల నుంచి నా చాప మీదికి వణుక్కుంటూ వచ్చేది. పెట్టిన చెంచాడు తిని, ఖాళీ గిన్నెను నాకేది. నాకుతుంటే ఆ స్టీలు గిన్నె నేల మీద జరిగేది, దాని వెనక అది జరిగేది, గిన్నె గోడకు తగిలి ఆగేదాకా అదే పని. గర్ గర్ మని ఆ చప్పుడు. నేను వంటింట్లో ఉన్నా వినిపించేది, స్నానాల గదిలో నీళ్లు వదిలినా వినిపించేది. "ఇంకొంచెం పెట్టవే దానికి" అంటే శ్రావ్య బెదిరిపోయి "వద్దు నాయనమ్మా, పెద్దగైతది, ఓనర్ అంకుల్ ఎళ్లగొడ్తడు" అనేది. నేను చాటుగా వేలితో కొంచెం పెరుగన్నం పెట్టాను. నాకింది, కాసేపటికి కక్కేసింది. నా వేలిని మాత్రం వదలలేదు, నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ ఉండిపోయింది. చప్పరించే బిడ్డ నోరు ఎలా ఉంటుందో ముగ్గురు పిల్లలను పెంచిన నాకు తెలుసు. ఆ నోట్లో నా వేలికి పళ్లు తగల్లేదు. చిగుళ్ల మీద గరుకుగా ఏదో మొలుస్తున్నట్టు మాత్రం తెలిసింది.

మూడోనాడు మధ్యాహ్నం అది లేవలేదు. శ్రావ్య ఏడుస్తుంటే ఆటో పట్టుకుని హబ్సిగూడలో కుక్కలను చూసే దవాఖానాకు పోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, మా శ్రావ్యకు అక్కలా ఉంది. ముందు దాని నోట్లో చక్కెర నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసింది. అది కళ్లు తెరిచాక చూపుడు వేలితో పెదవి పైకెత్తి దీపం వేసి చూసింది.

"ఎన్ని నెలలని చెప్పారు?"

"మూడు" అంది శ్రావ్య.

"కాదు నాన్నా. పాలపళ్లు ఇప్పుడిప్పుడే బయటికొస్తున్నాయి. నెల దాటిందో లేదో. తల్లి దగ్గర పాలు తాగాల్సిన పిల్లను లాక్కొచ్చి అమ్మారు. మూడు నెలలని చెబితే, ఇంత చిన్నగా ఉంది కాబట్టి టీకప్ అని మీరు నమ్ముతారు. అసలు టీకప్ అని జాతి లేదు, అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. తిండి తగ్గించమన్నాడా?"

శ్రావ్య తల ఊపింది.

"తిండి తగ్గిస్తే చిన్నగా ఉండదమ్మా, చచ్చిపోతుంది" అందామె. గట్టిగా కూడా అనలేదు. సీసాతో పాలు పట్టి చూసింది. లడ్డు తాగలేదు, కొంచెం దిగినా బయటికొచ్చేసింది. "ప్రయత్నించండి, గంట గంటకూ కొంచెం పట్టండి. కానీ తల్లి ఎక్కడుందో దొరికితే దాని దగ్గర పెట్టడం అన్నిటికన్నా మంచిది" అని పంపించింది.

ఇంటికొచ్చాక మహేష్ ఆ మనిషికి ఫోను చేసి తిట్టాడు. అతను తిరిగి తిట్టలేదు. "అన్నా, గరం గాకు. పొద్దుగాల ఇంటికి తీస్కరా, నాచారంలనే. ఇది కమ్‌జోర్ పిల్ల, వాపస్ ఇయ్యి. దీని బదులు ఇంకోటి ఇస్త, ఉషారున్నది" అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. నేను లడ్డును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దీని బదులు ఇంకోటి. అప్పుడు దొరికింది నేను మూడు రోజులుగా వెతుక్కుంటున్నది. జాతే అంత అన్న గొంతు మా మేనత్తది. బదులు ఇంకోటి అని పంపిస్తే పోయినదాన్ని నేను.

అప్పటి నాచారంలో మాది పెంకుటిల్లు. ఊరి వెనక చేలు ఇంకా ఉన్నాయి, వాటి మధ్య కొత్త ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి. పొద్దున కూసే సైరనుకు మా కోడి కూడా అలవాటు పడింది, అది కూశాకే కూసేది. అమ్మ ఒక మందుల కంపెనీలో సీసాలు కడిగేది. సాయంత్రం ఇంటికొచ్చి బూడిదతో, చింతపండుతో ఎంత రుద్దుకున్నా ఆమె చేతులకు ఒక వాసన మిగిలేది, తియ్యగా మొదలై చేదుగా పోయే వాసన. నాకు ఆ చేతి ముద్ద మింగుడు పడేది కాదు. మణికి అదే ఇష్టం. అమ్మ అరచేతిని తన ముక్కు మీద పెట్టుకుని పడుకునేది. అమ్మ చెయ్యి తీస్తే నిద్రలోనే వెతుక్కునేది. ఇల్లు నేను చూసుకునేదాన్ని. పుల్లలేరుకొచ్చి, జొన్నపిండి పిసికి రొట్టెలు చేసి, మణికి జడ వేసి, నీళ్లు తెచ్చి, మిగిలిన పొద్దుకు బడికి పోయేదాన్ని. మణి నా వెంట వచ్చి బడి గుమ్మంలో కూర్చునేది. లోపల పిల్లలు అరుస్తుంటే బయట అది కూడా అరిచేది. పంతులు ఏమీ అనేవాడు కాదు.

మా నాయన చెల్లెలు ఎల్లమ్మత్త హబ్సిగూడ ఇళ్లలో అంట్లు తోమేది. ఎప్పుడూ బుగ్గన వక్కాకు ఉండేది ఆమెకు. ఏదైనా గట్టి మాట చెప్పే ముందు ఆ ఉండను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకునేది. ఒకనాడు వచ్చి, తను పనిచేసే వీధిలో ఒక అమ్మగారికి పసిబిడ్డ ఉన్నాడని, ఉయ్యాల ఊపడానికి ఒక ఆడపిల్ల కావాలని చెప్పింది. "పెద్దదాన్ని పంపిస్తే నీ ఇల్లు నడువది వదినె. చిన్నదాన్ని పంపియ్యి. ఊపుడే గద. బువ్వ ఆళ్లే పెడ్తరు" అంది. మరునాడు అమ్మ మణి తలకు నూనె రాసింది. అది జవాబు.

నేను కూడా వెళ్లాను ఆ గేటు దాకా. అమ్మగారు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. మంచి ముఖం ఆమెది, ఇప్పటికీ అలాగే అంటాను. మణిని చూసి "ఇది మరీ చిన్నగా ఉందే. పదేళ్లకు తక్కువైతే నాకొద్దమ్మా. ఇంటి మీద బెంగతో ఏడుస్తారు, నేను చూడలేను" అంది.

అత్త వక్కను ఆ దవడకు మార్చింది. "పదేండ్లు నిండినయి అమ్మగారూ. చూస్తందుకు అట్ల గనవడ్తది. మా జాతే అంత, పొట్టోళ్లం. ఇంతకన్నా పెరగది పిల్ల. పొట్ట గూడ గంతే, గింత పెడ్తె సాలు."

అమ్మగారు మా అమ్మ వైపు చూసింది. అమ్మ గేటు గొళ్లెం వైపు చూస్తూ నిలబడింది. "ఎన్నేళ్లు నీకు?" అని అమ్మగారు మణినే అడిగింది అప్పుడు. దారిలో అత్త నేర్పింది కదా, మణి గట్టిగా చెప్పింది, బడి గుమ్మంలో అక్షరాలు అరిచినట్టు. "పది."

ఆమె నమ్మింది. నమ్మితే పని జరుగుతుంది కాబట్టి నమ్మిందని నాకిప్పుడు అనిపిస్తుంది, కానీ అప్పుడు ఆమె పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆమె ముఖంలో మోసం లేదు. పదేళ్ల పిల్ల అనుకున్నాక పదేళ్ల పిల్ల చేసే పనులు చెప్పింది. ఉయ్యాలతో మొదలై బిడ్డను చంకన మోయడం, వీధి కొళాయి నుంచి బిందె తేవడం, మేడ మీద బట్టలు ఆరేయడం. అత్త కూడా చెప్పిపెట్టింది మణికి, ఒకరింట్లో ఎక్కువ తినకూడదని, తింటే పంపించేస్తారని. మణి బోనాలకు ఒక్కరోజు ఇంటికొచ్చినప్పుడు మేం చూసింది దాని ముంజేతులు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అన్నం పెడితే తిని, పళ్లెం ఎత్తి నాకింది. అమ్మ ఇంకొంచెం వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజంతా అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. అత్తవారింటికి పోయిన కొత్త కోడలి లెక్క ఏంది ఈ వేషమని నేను వెక్కిరించాను. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని తీసింది.

ముందు పన్ను లేదు.

మణి లంగా అంచు ముడి విప్పి చూపించింది. చిన్న బియ్యపు గింజ లాంటి పాలపన్ను, ముడిలో భద్రంగా ఉంది. "పదేండ్లోళ్లకు పండ్లు ఊడుతయా అమ్మా?" అని అడిగింది. "అమ్మగారు జూస్తే తెల్వదా? అందుకే నేను నవ్వుతలేను."

అమ్మ ఆ పన్నును పేడలో పొదిగి, మణి చేతికిచ్చి ఇంటి మీదికి విసరమంది. మా వైపు పిల్లలకు పన్ను ఊడితే అలాగే చేస్తారు, కొత్త పన్ను గట్టిగా వస్తుందని. మణి చెయ్యి పెంకుల దాకా సాగలేదు, పన్ను చూరుకు తగిలి కింద పడింది. అమ్మ దాన్ని ఎత్తుకుని చెయ్యి పట్టి మళ్లీ విసిరించింది. పెంకు మీద టిక్ మని చిన్న చప్పుడు. మరునాడు అత్త వచ్చినప్పుడు అమ్మ "దానికి పండ్లు ఊడుతున్నయి ఎల్లమ్మా" అంది. ఇంకా ఏదో అనబోయింది. "నోరు మూసుకొని ఉండుమను. కొత్తయి వస్తయి గద" అంది అత్త. మణి చెయ్యి అడ్డం పెట్టుకుని అత్త వెంట నడిచింది.

వానలు ముదిరేసరికి అమ్మగారు కబురు పంపింది. పిల్లకు జ్వరం విడవడం లేదట, బలం లేని పిల్లట, తీసుకుపోయి దీని బదులు ఇంకొకరిని పంపమంది. మందు బిళ్లలు కూడా పంపింది. అమ్మ నా తలకు నూనె రాసింది. ఆ గేటు దగ్గర అమ్మ మణిని భుజాన వేసుకుంది, నన్ను లోపల వదిలింది. అంతే, మార్పు అయిపోయింది. మణి అమ్మ భుజం మీద నుంచి తల ఎత్తి నాకు పనులు అప్పగించింది. "పెరట్ల రెండో మెట్టు ఊగుతది అక్కా, సూసి అడుగెయ్యి. పాలగిన్నె అందకపోతే పీట ఉన్నది, బాబు పండుకున్నంక తియ్యి, చప్పుడైతది." తర్వాత కొంచెం ఆగి, "నీకైతే అబద్ధం జెప్పే పని లేదు. నీకు నిజంగనే పదేండ్లు గద" అంది. కొత్త పన్ను సగం మొలిచింది, అప్పుడు చూశాను. అదే నేను దాన్ని ఆఖరుగా చూడడం.

ఆ ఇంట్లో నేను మణి తర్వాత మణిని. అమ్మగారికి నా పేరు నోట్లో నిలవలేదు, "మణీ" అనే పిలిచేది. మొదట ఒకటి రెండుసార్లు నా పేరు చెప్పాను. తర్వాత పలకడం మొదలుపెట్టాను. నాకు పెళ్లయి వెళ్లేదాకా ఆ పేరుకే పలికాను. మెట్టు నిజంగానే ఊగేది. పీట అల్మరా కింద అది పెట్టిన చోటే ఉంది. నా మోకాలి ఎత్తులో గోడకు ఒక నూనె మరక ఉండేది. అక్కడ ఆనుకుని తల పెట్టి ఉయ్యాల ఊపేదని దాన్ని చూస్తే తెలిసేది. నేను ఊపుతున్నప్పుడు అక్కడ ఆనలేదు, కొంచెం పక్కకు జరిగి కూర్చునేదాన్ని. బాబు నిద్రపోయాక ఇల్లంతా నిశ్శబ్దమైతే, వెనక పెరట్లో ఎవరో పళ్లెం నాకుతున్నట్టు, ఆ పళ్లెం గచ్చు మీద జరుగుతున్నట్టు వినిపించేది. వెళ్లి చూస్తే పళ్లెం కడిగి బోర్లించి ఉండేది, నేనే బోర్లించింది.

అమ్మ ఆదివారం గేటు దాకా వచ్చేది. మణి ఎలా ఉందంటే "మంచిగున్నది" అనేది. బాబుకు కొనే బిస్కెట్ల రంగు కాగితాలు, చాక్లెట్ల మెరుపు కాగితాలు నేను మణి కోసం చదును చేసి దాచేదాన్ని. అమ్మ తీసుకుని రొంటిన పెట్టుకునేది. ఒకసారి "మస్తు పెరిగింది బిడ్డా, నీ భుజం దాకా వచ్చింది" అంది. నాకు ఎంత సంతోషమైందో, నాకు పొట్టిదైన లంగా ఇచ్చి పంపాను. బతుకమ్మకు ఇంటికి పోయినప్పుడు, గుమ్మంలోనే మణిని పిలిచాను. పక్కింటామె నా వైపు చూసి, అమ్మ వైపు చూసి, తన ఇంట్లోకి వెళ్లిపోయింది. చూరు కింద వాసం సందులో నా కాగితాలన్నీ దోపి ఉన్నాయి, ఒక్కటి కూడా నలగలేదు. లంగా మడత పెట్టి ఉంది. నేను ఆ ఇంటికి పోయిన కొన్నాళ్లకే మణి ఆ జ్వరంతోనే చనిపోయిందట. చెబితే నేను పని విడిచి వచ్చేస్తానని అమ్మ చెప్పలేదు. అన్ని ఆదివారాలు అమ్మ నా కోసం మణిని పెంచుతూ వచ్చింది, గేటు దగ్గర నిలబడి, మాటతో. మా అమ్మను నేనెప్పుడూ దాని గురించి అడగలేదు. ఆమె పోయేదాకా ఆ చేతుల వాసన పోలేదు, కంపెనీ మానేసి ఎన్నేళ్లయినా.

ఇప్పుడు పసిపిల్లను అలా గేటు ముందు నిలబెట్టి బేరం చేస్తే ఎవరో ఒకరు అడుగుతారు. అది మంచిదే. చదువు వచ్చింది, ఫోను వచ్చింది, ఏ వస్తువు ఎక్కడ తయారైందో డబ్బా వెనక రాస్తున్నారు, నేను చదువుతున్నాను కూడా. అయినా ఆ మెట్రో మెట్ల కింద నిలబడి విన్న మాటలు అక్షరం తేడా లేకుండా మా అత్త మాటలే. వయసు పెంచి చెప్పడం, చిన్నతనాన్ని జాతి మీదికి నెట్టడం, పొట్ట కూడా చిన్నదేనని చెప్పడం, నీరసిస్తే బదులు ఇంకోటి ఇస్తాననడం. మా అత్త చనిపోయి చాలా కాలమైంది. ఈ కుర్రవాడు ఆమెను చూసి ఉండడు. మరి ఆ మాటలు ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చాయో.

ఆ సాయంత్రం, మహేష్ ఫోను పెట్టేశాక, శ్రావ్య నా పక్కన కూర్చుని లడ్డు నోట్లో పాలచుక్కలు వేస్తూ అడిగింది. "నాయనమ్మా, మనం ఇచ్చేస్తే దీన్నేం జేస్తడు?"

"ఇంకొకరికి ఇస్తడు. మూడు నెలలని జెప్తడు."

"తాగుతలేదు గద. అప్పటిదాకా ఉంటదా?"

నేను కొంగుతో లడ్డు మూతి తుడిచాను. మహేష్ భోజనం చేస్తూ "పొద్దుగాల డ్యూటీకి పోయే ముందు మార్చుకొస్త. మీరిద్దరూ దాని మీద పానం పెట్టుకోకుండ్రి" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. బిడ్డ ముందు కుక్కపిల్ల చచ్చిపోవడం చూడలేక అన్నాడు.

"నువ్వు డ్యూటీకి పో. నేను పోత" అన్నాను.

"నువ్వేం మాట్లాడ్తవమ్మా వానితోని?"

"నాకు మాట్లాడే పని లేదు."

మరునాడు పొద్దున అన్నం మెత్తగా వండి, రెండు గుడ్లు చిదిమి కలిపి టిఫిను డబ్బాలో పెట్టాను. లడ్డును పాత చీర ముక్కలో చుట్టి ఒళ్లో కట్టుకున్నాను. శ్రావ్య ఫోనులో దారి చూస్తుంటే ఇద్దరం నాచారం ఆటో ఎక్కాం. ఫోను చూపించిన సందు నాకు ఫోను లేకపోయినా తెలుసు. మా పాత ఇల్లున్న సందుకు అవతలి సందు. కింద ఇనుప బీరువాలు చేసే షెడ్డు, పైన రెండు గదులు, ఆపైన డాబా. అతను మెట్ల మీదనే ఎదురొచ్చాడు. చేతిలో ఇంకో పిల్ల ఉంది.

"తెచ్చిన్రా? ఇగో, ఇది తీస్కపోండ్రి. మస్తు ఉషారున్నది."

"దీని తల్లేది?" అన్నాను.

"వీడియో జూపిచ్చిన గద అవ్వా."

పైనుంచి మొరుగు వినిపిస్తోంది. నా ఒళ్లో లడ్డు తల ఎత్తింది. నిన్న మధ్యాహ్నం నుంచి తల ఎత్తని పిల్ల. నేను మెట్లెక్కడం మొదలుపెట్టాను.

"పైకి పోకు అవ్వా, కుక్కలు కరుస్తయి."

"కరిస్తే కరవనీ. జర పక్కకు జరుగు బిడ్డా."

డాబా మీద రేకుల నీడలో, సింటెక్సు ట్యాంకు వెనక, గొలుసుతో కట్టేసి ఉంది తల్లి. వీడియోలో కుక్క కాదు. నా మోకాలి దాకా ఉంటుంది, తెలుపు మీద గోధుమ మచ్చలు, పక్కటెముకలు బయటికి. పొదుగు బరువుగా వేలాడుతోంది. మొరగడం ఆపి ముక్కెత్తి గాలిని వాసన చూసింది. నేను కింద కూర్చుని చీర ముడి విప్పాను. లడ్డు పడుతూ లేస్తూ పాకింది. తల్లి దాన్ని ముక్కుతో బోర్లా తోసి, అటూ ఇటూ దొర్లించి, ఒళ్లంతా నాకి, అప్పుడు పక్కకు ఒరిగి పడుకుంది. శ్రావ్య నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ చిన్న నోరు వెతికింది, జారింది, మళ్లీ వెతికింది, పట్టుకుంది.

అతను వెనకాలే నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి "ఎంతసేపు కూసుంటవ్ అవ్వా? నాకు కస్టమర్లు వస్తరు" అన్నాడు.

"రానీ. నేనేమన్న అంటున్ననా? అది తాగినంతసేపు కూసుంట. పండ్లొచ్చి, బువ్వ తినేదాకా ఇది ఈడనే ఉంటది. తల్లికి బువ్వ నేను తెస్త. రేపు గూడ వస్త, ఎల్లుండి గూడ వస్త."

"రోజూ వస్తవా?"

"నాకేం పనున్నది ఇంట్ల?"

అతను చేతిలో ఉన్న పిల్ల వైపు చూసుకున్నాడు. దాన్ని కూడా తల్లి పక్కన దింపి కిందికి వెళ్లిపోయాడు.

డాబా మీద నుంచి చూస్తే మా పాత సందు కనిపిస్తోంది. పెంకుటిళ్లు ఒక్కటీ లేవు, అన్నీ డాబాలు, నల్ల ట్యాంకులు, డిష్ గొడుగులు. మా ఇల్లు ఉన్న చోటు ఇదేనని వేలు పెట్టి చూపించలేకపోయాను. పన్ను మాత్రం అక్కడే ఎక్కడో ఏదో ఒక పునాది కింద ఉంటుంది. అటే చూస్తూ శ్రావ్యకు మణి సంగతి చెప్పాను. గేటు, ఊగే మెట్టు, వాసం సందులో దోపిన కాగితాలు. ఎవరికీ చెప్పని సంగతి. శ్రావ్య అంతా విని, చివరికి అడిగింది.

"అసలు మణికి ఎన్నేండ్లు నాయనమ్మా?"

"ఏడు" అన్నాను. "ఏడు గూడ నిండలే."

తర్వాత టిఫిను డబ్బా మూత తీసి తల్లి ముందు పెట్టాను. అది పడుకునే, పిల్లలు కదలకుండా, మెడ మాత్రం చాచి తినడం మొదలుపెట్టింది. అడుగుకు వచ్చేసరికి డబ్బా గచ్చు మీద గర్ గర్ మని జరిగింది. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను, కదలకుండా, అది తినడం అయ్యేదాకా.